హోస్కోటె ఎర్రనేలలో రేడియల్ వెనక టైర్లు: రెండేళ్లు వాడాక

సైజు, ప్లై, వారంటీ షాపువాళ్లే చెప్తారు. ట్రాక్టరుకు వేసిన ఈ రేడియల్ టైర్లు, అంటే గోడలు మెత్తగా వంగే రకం, తక్కువ గాలితో కూడా బరువు మోస్తాయి. ఆ ఒక్క గుణం కోసమే నాకు ఇవంటే ఇష్టం.

బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర మా పొలం. రాగికి, ఆలుగడ్డకు దున్నిన నేలనే మళ్లీ మళ్లీ దున్నుతాం. ఆ పొడి దుక్కిలో పాత టైర్లు దిగబడేవి. దిగిన చక్రం ముందున్న మట్టిని అణచుకుంటూ, ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే పోవాలి. చక్రాలు నేలను తోసే బలంలో, అంటే తోపులో, ముందు బండి తనను తాను దొర్లించుకోవడానికి పోయేది పోగా, మిగిలిందే వెనక పనిముట్టును లాగే హుక్కుకు అందుతుంది. రెండు టన్నుల ట్రాక్టరుకు సిమెంటు రోడ్డు మీద ఆ ఖర్చు సుమారు 40 కిలోల తోపు. మెత్తటి దుక్కిలో 200 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ఆ 200 కిలోలకే మూడున్నర హార్స్‌పవర్ పైగా పోతుంది.

రేడియల్ టైర్లు వేసి, కంపెనీ పట్టిక చూసి గాలి 12 పాయింట్లకు (పీఎస్ఐ) దించాక టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంది. జాడ లోతు తగ్గింది. అదే చేను, అదే కల్టివేటరు, ఒక గేరు పైన లాగింది. ఆ రోజు ఇంజను చప్పుడులోనే తేడా వినబడింది. ఊళ్లో అడిగినవాళ్లందరికీ "లాగుడు పెరిగింది" అని చెప్పాను.

కానీ మొన్న వేసవిలో చెరువు మట్టి తోలాం. ముందు రాత్రి వాన పడింది. ట్రాలీ, మట్టి కలిపి ఐదు టన్నులు. ట్రాక్టరు టైర్లు పైపైనే ఉన్నాయి, ట్రాలీవి మాత్రం బెత్తెడు దిగాయి. అవి సన్నటివి, గాలి గట్టిగా ఉంటుంది. తారు మీద 100 కిలోల తోపుతో దొర్లే ఆ ట్రాలీకి అక్కడ 750 కిలోలు కూడా చాలలేదు. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలదు. "అన్నా, టైర్లలో నీళ్లు పట్టించుంటే జారేది కాదు" అన్నాడు డ్రైవరు. జారడం తగ్గేదే, నిజం. కానీ ఆ బురదలో నీళ్ల బరువుకు ట్రాక్టరు కూడా దిగి, దొర్లే ఖర్చు పెరిగేది. సగం మట్టి దించేశాం. మొదటి గేరులో మెల్లగా గట్టెక్కింది. ట్రాలీ టైర్లు తినే తోపును ట్రాక్టరుకు ఎంత మంచి టైర్లు వేసినా తిరిగి తేలేం. అప్పటినుంచి "దుక్కిలో లాగుడు పెరిగింది" అనే చెప్తున్నాను.

డీజిల్ మిగులుతుందని కూడా అన్నాను. దున్నకం వారాల్లో మిగులుతుంది. ఆలుగడ్డ మూటలతో మార్కెట్‌కు తిరిగే వారాల్లో నాకేమీ కనబడలేదు. పైగా 12 పాయింట్లతో తారెక్కితే టైరు గోడలు నలిగి వేడెక్కుతాయి, బండి బరువుగా పోతుంది. రోడ్డుకు 20 దాకా పట్టించాలి, చేనుకొచ్చి మళ్లీ దించాలి. ఇంట్లో చిన్న కంప్రెసరు ఉంది కాబట్టి నాకు జరిగిపోతోంది. గాలి కోసం పంచరు షాపుదాకా పోవాల్సినవాళ్లు నాలుగు రోజులకే విసిగిపోతారు.

నాకు మూడొంతులు దున్నకం పనే, నేల ఎర్రది, లోతు తక్కువ. అందుకే అంత ధర పెట్టినా గిట్టింది. ఇటుక, ఇసుక తోలేవాళ్లకైతే మామూలు టైర్లే చాలనుకుంటా. నేను ఈసారి డబ్బు చేతికొస్తే ట్రాలీకి వెడల్పు టైర్లు వేయిస్తాను.