పాత బీరువా, పాత టేబుల్ ఇచ్చి వంటింటి సామాను చేయించుకున్నాం: విజయనగరం వడ్రంగి షెడ్డు రివ్యూ

అద్దె ఇంట్లో చిన్న వంటగదితో ఇబ్బంది పడేవాళ్ల కోసం రాస్తున్నాను. విజయనగరం రింగ్ రోడ్డు వైపు ఒక పాత వడ్రంగి షెడ్డు ఉంది, బోర్డు కూడా లేదు, పెద్ద మేస్త్రీ గారు, ఆయన కొడుకు నడుపుతారు. కొత్త ఫర్నిచర్ తక్కువే, పాతవి విప్పి పనికొచ్చేలా కట్టివ్వడం ఎక్కువ. అత్తగారి ఊరు నుంచి వచ్చిన టేకు బీరువా, ఒక స్టడీ టేబుల్, ఒక ప్లైవుడ్ మంచం ఇద్దామని వెళ్లాం.

నాకు బాగా నచ్చింది, చూడకుండా రేటు చెప్పకపోవడం. ఫోన్లో అడిగితే "కాళ్లు సూడకుండా ఎలాగ సెప్తానమ్మా" అన్నారు. ఇంటికొచ్చి బీరువాని పడుకోబెట్టించి, కాళ్ల అడుగు, వెనక పలక, కుసులు (ఒక చెక్క ఇంకో చెక్కలోకి దిగే కొనలు) దిగిన చోట్లు అన్నీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశారు. టేకు సామాను పైకి ఎంత నిగనిగలాడినా నేల తడి తగిలే అడుగు భాగమే ముందు పాడవుతుంది, చెద కూడా అటునుంచే ఎక్కుతుంది. ప్లైవుడ్ మంచం వద్దనేశారు. పొరలు ఉబ్బి విడిపోయాయి, స్క్రూ బిగిస్తే పట్టు ఉండదు, దానికి కూలి ఇవ్వడం దండగ అని మొహం మీదే చెప్పారు. చేతికొచ్చిన పనిని కాదన్నారంటే ఇక మిగతావి ధైర్యంగా ఇచ్చేశాం.

అసలు పనితనమంతా బీరువాలో ఉంది. లోతు 20 అంగుళాలు, అలాగే పెడితే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. పొడుగు ముట్టుకోకుండా లోతు 13 అంగుళాలకి కోశారు, కోయగా మిగిలిన పట్టీలతో లోపల సన్న అరలు వేశారు. డబ్బాలకి లోతు అక్కర్లేదండీ, ఒకే వరసలో అన్నీ కంటికి కనబడితే చాలు, వెనక వరస ఉంటేనే మెంతులు, గసగసాలు అక్కడే మరిచిపోయి పురుగు పట్టిస్తాం. కింది తలుపుల పలకలు తీసి జాలీ బిగించారు, మన వైపు తేమకి మూసిన అరలో ఉల్లిపాయలు నిలవవు కాబట్టి ఇది చాలా ఉపయోగం. ఒక అర పుచ్చిపోతే పాత తలుపులోంచి తీసిన పనస చెక్క వేశారు. బొబ్బిలి వీణ చేసేది పనస చెక్కతోనే కదా, ఆ పసుపు రంగు టేకు పక్కన ఎంత బాగుందో చెప్పలేను. సన్నగా పొడుగ్గా అయిపోయిన బీరువా ముందుకి తూలకుండా, మా ఓనర్ గోడకి మేకు కొట్టనివ్వరని చెప్తే, అడుగున ముందుకి కాస్త పొడుచుకొచ్చేలా పాదం కట్టారు. బియ్యం, నూనె డబ్బా లాంటి బరువులు కింద అరలోనే పెట్టమన్నారు.

టేబుల్ 30 అంగుళాలే ఉంది, నిలబడి కూరగాయలు తరగాలంటే నడుం పట్టేస్తుంది. కాళ్లకి దిమ్మలు కట్టి 33 చేసి, పైన గ్రానైట్ ముక్క పరిచి, అడుగున రబ్బరు బుష్‌లు వేశారు. ఆ టేబుల్ మీద పాత పచ్చ పెయింట్ ఉండేది. పాత పెయింట్ ఎలా తీస్తారన్నది ఇలాంటి పని చేయించే ప్రతివాళ్లూ అడగాల్సిన విషయం. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూల్ మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు రంగుల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను చెప్పాక తడిపి గీకారు, చెప్పకపోతే మెషీన్ పెట్టేసేవారేమో.

ఇక నచ్చనివి. బీరువా పాదం పైభాగానికి, సొరుగులకి ఫ్రెంచ్ పాలిష్ వేశారు. అది లక్కని స్పిరిట్‌లో కరిగించి వేసేది, హాల్లో సామానుకి బాగుంటుంది, వంటింట్లో వేడి గిన్నె తగిలితే తెల్ల మచ్చ పడిపోతుంది, పడింది కూడా. అడిగితే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మళ్లీ వేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు, కానీ ముందే అడగాల్సింది ఆయనే. గ్యాస్ సిలిండర్ కనబడకుండా టేబుల్ కింద తలుపులు పెడతానన్నారు, దానికి గట్టిగా వద్దన్నాం. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, అందుకే ఆ చోటు తెరిచే ఉంచాలి. చెప్పిన తేదీకి ఇవ్వలేదు. సొరుగులు పాత చెక్క పట్టీల మీదే నడుస్తాయి, వానాకాలం బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దుకోవాలి, సొరుగు జారడానికి లోహపు చానెళ్లు కావాలంటే ముందే చెప్పండి.

జాలీ, బందులు, గ్రానైట్, పాలిష్ అన్నీ కలిపి 14,000 అయింది, ఆటో ఖర్చు వేరే. బిల్లు ఇవ్వరు, ఫోన్‌పే తీసుకుంటారు. మాడ్యులర్ కిచెన్ వాళ్ల కొటేషన్ దీనికి చాలా రెట్లు ఉంది, పైగా అది ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకే వదిలేసి రావాలి, ఇవి లారీ ఎక్కించుకుని పోవచ్చు.

నా వరకు ఐదుకి నాలుగు స్టార్లు. గట్టి కర్ర సామాను ఉంటేనే వెళ్లండి, పాలిష్ ఏది వేస్తారో కాగితం మీద రాయించుకోండి, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ ముందు మాత్రం ఇవ్వకండి, ఆ నెలలో ఆయన ఎవరికీ దొరకరు.