రాగి వైండింగా, అల్యూమినియం వైండింగా: 19 ఏళ్లు రెండూ చుట్టాక నా మాట

మాది నల్గొండ జిల్లా. 19 ఏళ్లుగా మోటార్ల రివైండింగే, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టడమే, నా బతుకుదెరువు. బోరు మోటార్లు, మోనోబ్లాకులు (మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేవి), ఫ్యాన్లు, మిక్సీలు, ఏది కాలినా మా షాపుకే తెస్తారు. ఈమధ్య చాలామంది "అన్నా, అల్యూమినియం వేస్తే తక్కువలో అయిపోతదట కదా" అని అడుగుతున్నారు. రెండూ నా చేతులతో చుట్టాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

బోరులో దించే మోటారుకైతే నేను రాగి తప్ప ఇంకోటి వేయను. అసలు సంగతి స్లాటు, అంటే తీగ కూర్చే గాడి, దగ్గరుంది. స్టేటర్‌లో (మోటారులో తిరగని భాగం) స్లాటు ఎంత కోసి పెట్టారో అంతే, మనం పెంచలేం. పైగా సబ్‌మెర్సిబుల్‌లో నీళ్లు నిండి ఉంటాయి కాబట్టి తీగ మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది, సగం జాగా అదే తినేస్తుంది. ఒకే లావు తీగలు తీసుకుంటే కరెంటును పోనిచ్చే గుణం అల్యూమినియానికి రాగిలో 61 శాతమే, అంటే రాగి చేసే పని దానితో చేయించాలంటే తీగ కోత వైశాల్యం 1.6 రెట్లు కావాలి, అంత లావు తీగ ఆ స్లాటులో పట్టదు. ఎలాగోలా పట్టించాలని సన్న గేజీ వేశామా, తీగ వేడెక్కుతుంది. లో వోల్టేజీ ఉన్న రోజు మోటారు ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు, ఇక అది ఎన్నాళ్లుంటుంది? రాగి కంటే బాగా మోసేది వెండి ఒక్కటే, అదీ ఆరు శాతం లోపే ఎక్కువ.

2012లో నేను రాగితో చుట్టిన 7.5 హెచ్‌పీ మోటారు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఇరుసు తిరిగే బుష్‌లు రెండుసార్లు మార్చాం, వైండింగ్ ముట్టుకోలేదు.

ఇంకో మోటారు సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. ఒక పెద్దాయన కొత్త 5 హెచ్‌పీ మోనోబ్లాక్ కొన్నాడు, బిల్లు మీద కాపర్ వైండింగ్ అనే ఉంది. ఒక్క యాసంగి కూడా దాటలేదు, వరి పొట్ట మీదుండగా కాలిపోయింది. విప్పి తీగ చివర బ్లేడుతో గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. రాగి పూత పూసిన అల్యూమినియం! "కాకా, ఇది రాగి కాదే" అంటే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొనేటప్పుడు తీగ గీకి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

జాయింట్ల గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. అల్యూమినియానికి గాలి తగిలిన వెంటనే సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది, అది కరెంటును పోనివ్వదు, మామూలు టంకం కూడా పట్టదు. వేడికి రాగి కన్నా ఎక్కువ సాగి, చల్లారితే ముడుచుకుంటుంది, రోజూ ఇలాగే జరిగి స్క్రూ వదులవుతుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు అల్యూమినియం, బోరులోకి దిగే కేబుల్ రాగి. ఈ రెండింటినీ నేరుగా మెలిపెట్టి టేపు చుట్టేస్తారు, చెమ్మ తగిలితే అల్యూమినియం పొడిపొడిగా తినుకుపోతుంది, ఒక ఫేజు పోతుంది, రెండు ఫేజుల మీద మోటారు మూలిగి మూలిగి కాలిపోతుంది. బైమెటల్ లగ్గు (ఒక వైపు అల్యూమినియం, ఇంకో వైపు రాగి ఉండే కొక్కెం) వేసి బిగిస్తే ఈ టెన్షన్ ఉండదు.

అలాగని అల్యూమినియం పనికిరానిదని నేననను. లీటరు రాగి దాదాపు 9 కిలోలు తూగితే అల్యూమినియం 2.7 కిలోలే, కాబట్టి స్తంభాల మీద లైన్లకు అదే సరి, మధ్యలో ఉక్కు తీగ పెట్టి బలం ఇస్తారు. చిన్న మోటార్ల రోటర్లలో (తిరిగే భాగం) పోసేది కూడా అల్యూమినియమే, ఇన్నేళ్లలో దానితో నాకు ఇబ్బంది రాలేదు. పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్లలోనూ చుట్టొచ్చు, అక్కడ జాగా పెంచుకునే వీలుంది, రాగి కోసం రాత్రిపూట పగలగొట్టే దొంగల బెడద కూడా తగ్గుతుంది.

రాగితో ఉన్న కష్టం ధర ఒక్కటే. ఆ ఖర్చు కొంత తగ్గించుకునే దారి ఉంది: కాలిన పాత తీగను షాపులో వదిలేయకండి. మీ ముందే తూకం వేయించి బిల్లులో తగ్గించమనండి. అల్యూమినియం తుక్కుకు అంత ధర రాదు.