ట్రైలర్ లాగే ఎఫ్-150కి ఎయిర్ బ్యాగులు: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఇవి యాక్సిడెంట్ అయినప్పుడు తెరుచుకునే ఎయిర్ బ్యాగులు కావు. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు వెనక యాక్సిల్‌కీ ఫ్రేముకీ మధ్య, రెండువైపులా బిగించే రబ్బరు గాలి స్ప్రింగులు. ఎయిర్ లిఫ్ట్, ఫైర్‌స్టోన్ లాంటి కంపెనీలు అమ్ముతాయి. పని చేసే తీరు అన్నిటిదీ ఒకటే కాబట్టి నాది ఏ బ్రాండో పక్కన పెడుతున్నాను. మన ఊళ్లో లారీకి ఇంకో కమాన్ పట్టీ వేయించినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ అవసరమైనప్పుడు గాలి నింపుకోవచ్చు, పని అయ్యాక తీసేయొచ్చు.

మేం డాలస్ దగ్గర ఉంటాం. వేసవి సెలవుల్లో ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాగే చక్రాల ఇల్లు) తగిలించుకుని కొలరాడో వెళ్తాం. మిగతా రోజుల్లో పెరట్లోకి మట్టి, కంకర తోలుకుంటాను. బ్యాగులు లేనప్పుడు ట్రైలర్ తగిలించగానే బండి వెనక కుంగి ముక్కు పైకి లేచేది. రాత్రిళ్లు ఎదురొచ్చే వాళ్లందరూ హై బీమ్ అనుకుని లైట్లు కొట్టేవాళ్లు. బ్యాగులు వేయించాక ఆ గొడవ పోయింది. కంకర వేసినప్పుడు గాలి ఒత్తిడి 25 పీఎస్‌ఐ పెడితే బండి దాదాపు సమంగా నిలబడుతుంది, గతుకుల్లో అడుగు తగలదు.

కానీ డబ్బా మీద 5,000 పౌండ్లు అని రాసి ఉంటుంది చూడండి, అసలు తంటా అక్కడే. అది స్ప్రింగు మోయగలిగే బరువు, బండి మోయగలిగేది కాదు. యాక్సిల్, టైర్లు, బ్రేకులు, ఫ్రేము ఏవీ మారలేదు. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన పసుపు, తెలుపు స్టిక్కర్ కనిపిస్తుంది, లెక్క దాని ప్రకారమే. నా బండికి మనుషులూ సామానూ కలిపి 1,640 పౌండ్లు. ట్రైలర్ నిండా సర్దితే 6,200 వరకు తూగుతుంది. అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, మాకు 780 దాకా వస్తోంది. నలుగురు మనుషులం 560, హిచ్ సామాను 90. ఇక మిగిలేది 210. ఐస్ చెస్ట్, సైకిళ్లు పెడితే అదీ సరి. బండి చూడ్డానికి సమంగా ఉంది కదా అని ఇంకా సర్దేస్తే, కుంగి హెచ్చరించే ఆ ఒక్క గుర్తూ కనబడకుండా పోయినట్టే.

రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం. ట్రైలర్ బరువు వెనక యాక్సిల్‌కి ఇంకా వెనకాల పడుతుంది కాబట్టి ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. స్టీరింగ్ తేలిపోయేది అందుకే. బ్యాగులు వెనక భాగాన్ని పైకెత్తుతాయి గానీ, ముందు తగ్గిన బరువును తిరిగి ఇవ్వవు. ఆ పని వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌దే, అంటే గొలుసుతో బిగించే బార్లతో బరువులో కొంత ముందు చక్రాల మీదకి మళ్లించే హిచ్‌ది. ఈ తేడా చూడాలంటే హైవే మీద ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ కాటా ఎక్కించండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ మూడూ విడివిడిగా చూపించే కాగితం ఇస్తారు. బ్యాగుల్లో గాలి బాగా పెంచి తూచినప్పుడు నాకు ముందు చక్రాల అంకె దాదాపు కదల్లేదు. హిచ్ బార్ల గొలుసు ఒక లింకు బిగించగానే కదిలింది.

అందుకే నేను బ్యాగుల్లో 5 పీఎస్‌ఐ మాత్రమే ఉంచి మొదట హిచ్ సెట్ చేస్తాను. ముందు చక్రం పైన ఫెండర్ ఎత్తును ట్రైలర్ లేకుండా, తగిలించాక, బార్లు బిగించాక టేపుతో కొలుస్తాను. ఆ తర్వాత చివర్న కొద్దిగా గాలి. ఎక్కువ నింపితే హిచ్ పైకి లేచి బార్ల బిగువు తగ్గుతుంది, పడ్డ కష్టమంతా వృథా. కొన్ని కిట్ల మాన్యువల్స్ మొదట గాలి నింపమంటాయి. ఏ క్రమంలో చేసినా తేల్చాల్సింది కాటాయే. యూఎస్ 287 మీద అమరిల్లో వైపు వెళ్లేటప్పుడు పక్కగాలి ఎలా తోస్తుందో అటు తిరిగిన వాళ్లకి తెలుసు. కొలరాడో దారిలో రాటన్ పాస్ కొండ దారి ఎక్కి దిగేటప్పుడూ ముందు చక్రాలకి పట్టు ఉంటేనే ధైర్యంగా ఉంటుంది.

బిగింపు గురించి ఒక మాట. నాది బిగించిన షాపులో గాలి గొట్టాన్ని కటింగ్ ప్లేయరుతో కోశారు. కొస వంకరగా తెగి, ఫిట్టింగులో సరిగ్గా కూర్చోలేదు. వారానికోసారి కుడివైపు దిగిపోయేది. సబ్బు నీళ్లు రాస్తే ఫిట్టింగు దగ్గర సన్నని బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రేజర్ బ్లేడుతో అర అంగుళం నిటారుగా కోసి లోపలికి నొక్కితే ఆగిపోయింది. గొట్టం సైలెన్సర్ పైపుకి దగ్గరగా పోతోందా అన్నదీ మీరే వంగి చూసుకోండి. రెండు బ్యాగులకీ ఒకే వాల్వ్ పెడతామంటే ఒప్పుకోకండి. మలుపులో ఒకవైపు గాలి రెండోవైపుకి పోయి బండి ఇంకా ఊగుతుంది. విడిగా ఉంటే బరువు ఒకవైపు ఎక్కువైనా సరిచేసుకోవచ్చు. బ్యాగులో గాలి తక్కువ కాబట్టి గేజ్ పెట్టిన ప్రతిసారీ ఒకటి రెండు పీఎస్‌ఐ పోతుంది, ఆ మేరకు ఎక్కువ కొట్టండి. ఖాళీ బండిలో కూడా 5 కింద దించొద్దు, రబ్బరు నలిగిపోతుంది. ఆ 5తో కూడా ఖాళీగా ఉన్నప్పుడు వెనక సీటు వాళ్లకి కొంచెం కుదుపు తెలుస్తుంది. మా ఆవిడ ప్రతిసారీ చెబుతుంది.

అన్నట్టు, ముందు స్ట్రట్ల మీద స్పేసర్ పెట్టి బండి ముక్కు ఎత్తే లెవెలింగ్ కిట్ వేరే. చూపుకి బాగుంటుంది. కానీ ఖాళీ బండి వెనక కాస్త ఎత్తుగా ఉండేది బరువు వేశాక సమంగా రావడానికే. ట్రైలర్ లాగేవాళ్లకి నేనైతే దాన్ని సలహా ఇవ్వను. వేయిస్తే అలైన్‌మెంట్, హెడ్‌లైట్లు మళ్లీ సెట్ చేయించాల్సిందే.

గాలి చూసుకునే ఓపిక లేకపోతే టింబ్రెన్ లాంటి రబ్బరు దిమ్మలు దొరుకుతాయి, లీకుల బాధ ఉండదు. ఎత్తు మార్చుకునే వీలు కూడా ఉండదు. మాలాగా ఒకరోజు ట్రైలర్, ఒకరోజు కంకర, మిగతా రోజులు ఖాళీ అయితే గాలివే మేలు. స్టిక్కర్ లెక్క దాటుతోందనుకుంటే మాత్రం ఈ నాలుగైదు వందల డాలర్లు దాచుకుని ఇంకా ఎక్కువ బరువు మోసే ఎఫ్-250 ధరలు చూడండి.