మింట్‌లో ఎన్విడియా డ్రైవరు: సెక్యూర్ బూట్ ఆపేసి వాడేవాళ్ల కోసం

లినక్స్ మింట్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవరు ఎట్టా వేయాలో మళ్లీ చెప్పక్కర్లేదు. డ్రైవర్ మేనేజర్ తెరిచి 'రికమెండెడ్' అన్నది ఎంచుకుని రీస్టార్ట్ కొట్టడమే. కావలిలో మా పెళ్లి వీడియోల షాపు ఇన్నాళ్లుగా ఒక జీటీఎక్స్ 1050 టీఐ కార్డు మీద నడుస్తోంది. వీడియో ఎడిటర్ కెడెన్‌లైవ్‌లో ఎన్‌వీఎన్‌క్ (కార్డులోనే ఉండే వీడియో ఎన్‌కోడరు) పెట్టి ఎక్స్‌పోర్ట్‌కి వదిలితే ప్రాసెసరు మీద భారం తగ్గుతుంది, ఆ సందులో ఆల్బమ్ పని చేసుకోవచ్చు. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే టూలు తనంతట తనే డ్రైవరు మాడ్యూలును కొత్తదానికి తగ్గట్టు కట్టేసుకుంటుంది. అందుకే అడిగినవాళ్లకల్లా "వేసి మర్చిపో అబ్బయ్యా" అనేవాణ్ణి. ఇప్పుడూ అంటాను గానీ, ముందు సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్నదాన్నే బూట్‌లో నడవనిచ్చే బయోస్ కాపలా) సంగతి అడుగుతాను.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు మాకూ కరెంటు పోయింది. తిరిగొచ్చాక షాపు తెరిచిన కుర్రాడి నుంచి ఫోను: "అన్నా, స్క్రీను మీద అన్నీ లావుగా కనపడతన్నాయి." పోయి చూస్తే ఐకాన్లు అరచేతులంత ఉన్నాయి. రిజల్యూషన్ 1024 బై 768. విండో జరిపితే ఈడ్చుకుంటూ వస్తోంది. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ లేకుండా నడుస్తున్నానని మూలన సినమన్ (మింట్ డెస్క్‌టాప్) హెచ్చరిక. కార్తీక మాసం పెళ్లిళ్ల ఫుటేజీ మొత్తం అందులోనే ఉంది.

కార్డు స్థితి చూపే 'ఎన్విడియా-ఎస్ఎంఐ' కమాండు కొడితే డ్రైవరు పలకడం లేదంది. బూట్ మెనూ గ్రబ్‌లో పాత కెర్నెల్‌కి పోయినా అదే, డ్రైవరు తీసి మళ్లీ వేసినా అదే. డీకేఎంఎస్ స్టేటస్ మాత్రం నిక్షేపంగా 'ఇన్‌స్టాల్డ్' అని చూపిస్తోంది! చివరికి డ్రైవరును చేత్తో లోడ్ చేసే 'సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా' కొడితే అసలు మాట బయటపడింది: 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్'. మోక్‌యుటిల్ అనే కమాండుతో చూస్తే సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్. సిస్టమ్ అసెంబుల్ చేసినతను దాన్ని ఆపేసి ఇచ్చాడు, ఆ తర్వాత బయోస్‌లోకి పోయినవాళ్లెవరూ లేరు.

మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ప్లగ్గులో కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ స్టాండ్‌బై కరెంటుతోనే సెట్టింగులు నిలబడ్డాయి. అది కూడా ఆగేసరికి బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకి పోయింది, దాంతోపాటు సెక్యూర్ బూట్ ఆన్ అయింది. సంతకం లేని మాడ్యూలును కెర్నెల్ గుమ్మంలోనే ఆపేసింది. పొద్దున ఎఫ్1 నొక్కమని ఏదో వచ్చిందంట, కుర్రాడు నొక్కి లోపలికి పోయాడు. ఎవరైనా అదే చేస్తారు.

బ్యాటరీ ట్రంకు రోడ్డులో వాచీల షాపులో దొరికింది. సెక్యూర్ బూట్ మళ్లీ ఆపేస్తే పని అయిపోయేదే, కానీ ఇంకో తుపానుకి ఇదే కథ. అందుకని డ్రైవరు మాడ్యూలు మీద సంతకం చేసే కీని (దీన్నే మోక్ అంటారు) బోర్డుకి ఎక్కించాను. మోక్‌యుటిల్‌తో కీని ఇంపోర్ట్ చేసి, ఒక పాస్‌వర్డ్ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీను వస్తుంది. నా కోపమంతా ఆ స్క్రీను మీదే. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి, లేదంటే ఉలుకూ పలుకూ లేకుండా మామూలుగా బూట్ అయిపోతుంది, ఇంపోర్ట్ మళ్లీ మొదట్నించీ చేసుకోవాలి. మా పాత మానిటరు కళ్లు తెరిచేసరికే అందులో సగం గడిచిపోతుంది. అందుకే రీస్టార్ట్ కొట్టిన దగ్గర్నుంచీ కీబోర్డు మీద చెయ్యి తీయొద్దు. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకున్నాక ఆ పాస్‌వర్డే అడుగుతుంది. ఒక్కసారికి పనికొచ్చేదే కాబట్టి తేలికైనది పెట్టుకోండి.

అది అయ్యాక డ్రైవర్ మేనేజర్‌లోంచి డ్రైవరును ఇంకోసారి వేశాను, ఐకాన్లు మామూలు సైజుకొచ్చాయి. ఎక్కించిన కీ ఉండేది బోర్డు ఫ్లాష్‌లో, దానికి బ్యాటరీతో పనిలేదు. నమ్మకం చాలక తర్వాత ఒకసారి ప్లగ్గు పీకి, బ్యాటరీ కూడా తీసిపెట్టి చూశాను. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ అయింది, డ్రైవరు మాత్రం మామూలుగా లోడైంది. అప్పుడు పోయింది కోపం, చాలావరకు.

ఇదంతా నా వాడకం లెక్క. నేనింకా పాత డిస్‌ప్లే పద్ధతి ఎక్స్11 మీదే ఉన్నాను, కొత్తదైన వేలాండ్ జోలికి పోలేదు, ఆటలు ఆడను. నాది పాస్కల్ తరం కార్డు. ఈ తరానికి డ్రైవరు వెర్షన్లలో 580 బ్రాంచే ఆఖరని ఎన్విడియా చెప్పేసింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఇప్పుడు దీన్ని కొనమని చెప్పను. ఏఎండీ డ్రైవరు కెర్నెల్‌తోపాటే సంతకమై వస్తుంది, వాళ్లకి ఈ కీల గొడవ లేదు. అయినా ఎన్‌వీఎన్‌క్‌కి అలవాటుపడినవాణ్ణి, ఈ కార్డు పనిచేసినన్నాళ్లూ అటు పోను.