ప్రాగ్‌లో మనీ ఎక్స్ఛేంజ్, మూడు గంటల గడువు

ప్రాగ్ వెళ్ళే తెలుగువారెవరైనా సరే, పాతపట్టణంలో అడుగడుగునా కనిపించే మనీ ఎక్స్ఛేంజ్ దుకాణాల్లో యూరోలు మార్చవద్దని అన్నిటికంటే ముందు చెబుతున్నాను. చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడ చెలామణీ అయ్యేది కొరునా. మేము దిగిన హోటల్‌లో నగర పన్ను, మనిషికి రాత్రికి 50 కొరునాల చొప్పున, నగదుగానే కట్టమన్నారు. చిల్లర ఖర్చులకు కూడా పనికొస్తుందని మావారు పెద్ద కూడలి దగ్గర ‘కమిషన్ సున్నా’ అని బోర్డు పెట్టిన ఒక దుకాణంలో 200 యూరోలు ఇచ్చారు.

అద్దం వెనకనున్న మనిషి గబగబా 3,400 కొరునాలు లెక్కపెట్టి, రసీదును మడిచి నోట్ల కింద పెట్టి ఇవతలికి తోశాడు. ఆ వారం బ్యాంకు రేటు యూరోకు 25 కొరునాలకు అటూ ఇటూగా ఉంది. రసీదు మడత విప్పి చూస్తే 17 చొప్పున లెక్కకట్టాడు! అంటే 1,600 కొరునాలు, మన డబ్బుల్లో దాదాపు ఆరు వేల రూపాయలు, నిలబడ్డచోటే పోయాయి. ఇదేమిటని అడిగితే రేట్లు బోర్డు మీద రాసే ఉన్నాయంటూ, వెనకవాళ్ళకు దారి ఇమ్మని చెయ్యి ఊపాడు. కోపం వస్తే మావారు మౌనంలోకి వెళ్ళిపోతారు. హోటల్ చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. పోయిన డబ్బు కంటే అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మా రసీదు మీద వేసిన సమయం చూసి, వెంటనే బయలుదేరమని తొందరపెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, 1,000 యూరోల విలువకు మించని మార్పిడిని మూడు గంటలలోపు, ఏ కారణమూ చెప్పనక్కరలేకుండా రద్దు చేసుకోవచ్చు. మేము వెనక్కి వెళ్ళేసరికి ఆ మనిషికి ఇంగ్లీషు రానట్టే ఉంది. నేను రసీదును అద్దానికి ఆనించి, ఈ దుకాణాలను పర్యవేక్షించే చెక్ నేషనల్ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తానని చెప్పాక, మా 200 యూరోలు మారుమాట లేకుండా చేతిలో పెట్టాడు. అటుపైన బ్యాంకుల ఏటీఎంల నుంచే తీసుకున్నాము. అక్కడ కూడా రూపాయల్లోకి మార్చి చూపమంటారా అని తెర మీద అడిగితే వద్దనే నొక్కాలి, లేకపోతే రేటులో మళ్ళీ నష్టపోతారు.

డబ్బు తిరిగి వచ్చిన మర్నాటి నుంచి మావారి ముఖం విప్పారింది, ఊరు కూడా అందంగానే కనిపించింది. 22వ నంబరు ట్రామ్ ఎక్కితే కోట దగ్గరే దిగవచ్చు. అక్కడ టికెట్టు మనిషికి 450 కొరునాలు. ప్రాంగణాల్లో తిరగడం ఉచితమే అయినా, సెయింట్ వైటస్ చర్చి కోసం ఆ డబ్బు పెట్టవలసిందే. 1344లో మొదలుపెట్టిన కట్టడం 1929లో గాని పూర్తి కాలేదు. చెక్ చిత్రకారుడు ఆల్ఫోన్స్ ముఖా రూపొందించిన రంగుల కిటికీ ముందు ఎండ పడే వేళ నిలబడితే అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెనకు తెల్లవారుజామునే వెళ్ళండి, పది దాటితే మనుషుల వీపులు తప్ప విగ్రహాలు కనబడవు. 1410 నాటి ఖగోళ గడియారంలో గంటగంటకూ బొమ్మలు తిరిగే ముచ్చట నిమిషంలో అయిపోతుంది. దానికోసం మెడలు నొప్పెట్టేలా నిలబడనవసరం లేదు.

శాకాహారినైన నేను ఆ ఊళ్ళో బ్రెడ్డుతో సరిపెట్టుకోవాలనుకున్నాను గాని, పనిరోజుల్లో మధ్యాహ్నం పూట అక్కడి ఉద్యోగులు తినే భోజనశాలల్లో ‘పొలెద్ని మెను’ అని చవక భోజనం దొరుకుతుంది. అందులో 169 కొరునాలకు ‘స్మజెనీ సీర్’ పెట్టారు. అరచేయంత చీజ్ ముక్కను రొట్టెపొడిలో పొర్లించి వేయిస్తారు; కత్తి పెట్టగానే లోపలిది వేడివేడిగా జారి, ఉడికించిన బంగాళాదుంపల మీదికి వచ్చింది. పక్కన ఇచ్చే టార్టర్ సాస్‌లోనే కాక మామూలుగా ఆ పైపూతలో కూడా గుడ్డు ఉంటుంది, తిననివారు ముందే అడిగి తెలుసుకోవాలి. బాతు మాంసం తెప్పించుకున్న మావారు సగం నా పళ్ళెంలోంచే తిన్నారు. ఇదే వంటకానికి కూడలి చుట్టూ ఉన్న హోటళ్ళలో మేము చూసిన ధర 345.

బస కూడా ఆ కూడలికి దూరంగా, వినోహ్రాది అనే పేట వైపు చూసుకోండి. ఉదయం ఫలహారంతో కలిపి మా గదికి రాత్రికి 95 యూరోలు అయింది, మెట్రో నడకదూరంలోనే ఉంది.