నాలుగు వేసవులు తిరిగిన బీఎల్‌డీసీ ఫ్యాన్: కరెంటు, గాలి, రిపేరు

మాది విజయవాడ. మే నెలలో ఇక్కడ ఫ్యాన్ ఆపే వేళంటూ ఉండదు. హాల్లోనూ రెండు పడకగదుల్లోనూ పాత ఫ్యాన్లు తీయించి బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ డీసీ మోటారువి) పెట్టించి నాలుగు వేసవులు దాటాయి. కంపెనీ పేరు చెప్పను. ఇప్పుడు అందరి మోటార్లూ ఇంచుమించు ఒకటే. కొన్న వారానికే రాసే సమీక్షల్లో రిమోట్ గురించీ రంగు గురించీ ఉంటుంది. ఫ్యాన్ అసలు సంగతి తేలేది రెండు మూడు రోహిణి కార్తెలు చూశాకే.

వాతావరణం కోసం మనవంతుగా ఏదైనా చేద్దామని మొదలుపెట్టినవాళ్లకి ఒక చిక్కు తెలుసు. గుడ్డసంచి గుర్తుంటేనే బజారుకి వస్తుంది. లైట్లు ఆపడం ఓపికను బట్టి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన మిషన్ లైఫ్ జాబితాలో ఇలాంటి పనులు బోలెడున్నాయి, అన్నీ మంచివే, కానీ చాలావాటికి రోజూ మనసు పెట్టాలి. ఫ్యాన్‌కి ఆ బెడద లేదు. ఒకసారి బిగించాక మనకి గుర్తున్నా లేకపోయినా కరెంటు మిగులుస్తూనే ఉంటుంది. నేను దీనికి ఎక్కువ మార్కులు వేసేది అందుకే.

లెక్క చూద్దాం. పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీది 28 నుంచి 35. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకి 20 యూనిట్ల దాకా మిగులుతుంది. చలికాలంలో రెండో నంబరు మీద తిప్పుకునే రోజుల్లో ఇంత తేడా ఉండదు, ఏడాది పొడవునా ఇదే ఆదా అని షాపువాడు చెబితే నమ్మొద్దు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా, మామూలు ఫ్యాన్ కన్నా ఎక్కువ పెట్టిన వెయ్యో పదిహేను వందలో ఏడాది, ఏడాదిన్నరలో వచ్చేస్తాయి. కరెంటు కంపెనీలు పాత ఖర్చుల లోటు కింద తర్వాత వసూలు చేసే ట్రూ అప్ చార్జీలు కూడా యూనిట్లను బట్టే పడతాయి కాబట్టి అక్కడా కాస్త కలిసొస్తుంది.

ఇంత తేడా ఎందుకంటే, పాత మోటారు తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడి కింద పోగొట్టుకుంటుంది. పాత ఫ్యాన్ ఆపగానే స్టూలెక్కి మోటారు డిప్ప మీద చెయ్యి పెడితే సురుక్కుమనేది. దీని మీద పెడితే గోరువెచ్చగా కూడా ఉండదు. తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలుంటాయి, వైండింగ్‌కి ఏ క్షణాన ఎంత కరెంటు పంపాలో లోపలి చిన్న బోర్డు చూసుకుంటుంది.

మన గ్రిడ్‌లో సగటున యూనిట్‌కి 700 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది, కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే కాబట్టి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు చూస్తూ పెరిగిన ఊరివాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మా మూడు ఫ్యాన్ల ఆదా నడి వేసవిలో నెలకి 40 కిలోల దరిదాపు ఉంటుంది. తక్కువేమీ కాదు. అలాగని మురిసిపోయేంతా లేదు: ఒకటిన్నర టన్నుల ఏసీ ఎండలు మండేటప్పుడు గంటకి యూనిట్ దాకా లాగుతుంది. అంటే మూడు ఫ్యాన్లు రోజంతా మిగిల్చింది ఏసీ రెండు గంటల్లో తినేస్తుంది.

అయితే ఈ ఫ్యాన్ అసలు ఉపయోగం ఏసీ పక్కనే తెలిసింది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఫ్యాన్ మూడో నంబరులో తిరుగుతుంటే మాకు 27 సరిపోతోంది. తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే పనీ తప్పింది.

గాలి సంగతికొస్తే, పాతదానికి ఏమీ తీసిపోలేదు. పైగా సాయంత్రాలు వోల్టేజి పడిపోయినప్పుడు పాత ఫ్యాన్లు ఈసురోమని తిరిగేవి, ఇవి అదే వేగంతో తిరుగుతాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇదివరకటి కన్నా బాగా ఎక్కువసేపు వస్తోంది.

ఇక తలనొప్పులు. పాత రెగ్యులేటర్ తీసేయాలి, దాని మీద ఇవి సరిగా నడవవు. అత్తయ్యగారు మొదటి వేసవి అంతా "ఈ రిమోట్ గోల నాకొద్దమ్మా, గోడకే తిప్పుకునేది పెట్టించండి" అంటూనే ఉన్నారు. ఒకే మోడల్ కొనడంతో హాల్లో నొక్కితే తలుపు తీసున్న పడకగదిలోదీ ఆగేది. రిమోట్‌లో సెల్స్ అయిపోతే స్విచ్ ఆపి వేస్తూ స్పీడు మార్చుకునే వీలు కొన్ని మోడళ్లలో ఉంది. అలాంటిదే తీసుకోండి. ఇంకొకటి, "ముప్పై వాట్లేగా" అని పిల్లలు ఖాళీ గదిలో తిరగనిస్తారు. ఆ మాటతో నెలకి ఎన్ని యూనిట్లు పోతాయో!

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది రిపేరు. రెండో ఏడు పిడుగుల వానలో హాలు ఫ్యాన్ బోర్డు పోయింది. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివరి మెకానిక్ కండెన్సర్ మార్చి పది నిమిషాల్లో తిప్పేసేవాడు. దీన్ని విప్పి చూసి, "మా వల్ల కాదమ్మా, కంపెనీ వాళ్లే రావాలి" అని మళ్లీ బిగించేశాడు. కంపెనీ మనిషి వచ్చేసరికి పది రోజులకి పైనే పట్టింది, అదీ వేసవిలో. వారంటీ ఉంది కాబట్టి డబ్బులు పడలేదు. లేకపోతే బోర్డు ఖరీదుకి ఇంకొంచెం వేస్తే మామూలు ఫ్యాన్ కొత్తదే వస్తుంది. చిన్న బోర్డు కోసం మొత్తం ఫ్యాన్‌ని తుక్కులో వేయాల్సి వస్తే, మిగిల్చామనుకున్నదానికి అర్థమేముంది? కంపెనీలు విడిభాగాలు బయట దుకాణాల్లో దొరికేలా చూడాలి.

పూజగదిలో పాత ఫ్యాన్ అలాగే ఉంచాం. రోజుకి అరగంట తిరిగేదాన్ని మార్చడం దండగ. ఇంట్లో ఎక్కువసేపు తిరిగేదాన్నే ముందు మార్చండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి నక్షత్రాలతో పాటు బాక్సు మీద ఎయిర్ డెలివరీ (ఫ్యాన్ ఎంత గాలి తోస్తుందో) కూడా చూడండి, 1200 ఎం.ఎం. ఫ్యాన్‌కి నిమిషానికి 210 ఘనపు మీటర్లకి తగ్గకూడదు. వారంటీ మోటారుకి మాత్రమేనా, బోర్డుకీ రిమోట్‌కీ కూడానా అన్నది బిల్లు మీద రాయించుకోండి.