పాట్‌పాంగ్‌లో మేడ మీది షోలకు వెళ్లకండి, నిలువునా దోచేస్తున్నారు

బ్యాంకాక్ వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా ఫ్రెండ్స్ గ్యాంగ్‌గా వెళ్తున్న కుర్రాళ్లు, దయచేసి ఇది చదవండి. నిన్న రాత్రి జరిగింది. ఇంకా ఒళ్లు మండిపోతోంది.

సాలాడేంగ్ స్టేషన్‌లో దిగి సీలోం రోడ్డు మీద కొంచెం నడిస్తే పాట్‌పాంగ్, ఆ నైట్ మార్కెట్ వీధి. అక్కడ మేడల మీద అడల్ట్ షోల బార్లుంటాయి. లామినేట్ చేసిన కార్డు చూపిస్తూ వెంటపడే బ్రోకర్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. మాకు తగిలినవాడు "ఎంట్రీ ఫ్రీ, షో ఫ్రీ, బీరు వంద బాట్లు, అంతే" అన్నాడు. కార్డు మీదా అదే ఉంది. మేం నలుగురం. "ఇంకేమైనా కట్టాలా?" అని మావాడు రెండుసార్లు అడిగాడు. వాడు గుండె మీద చెయ్యి వేసుకుని మరీ లేదన్నాడు.

లోపల షో గురించి చెప్పడానికేం లేదు. బీర్లు వచ్చాయి. ఎవరూ పిలవకుండానే ఇద్దరమ్మాయిలు వచ్చి పక్కన కూర్చున్నారు, వాళ్ల ముందుకీ గ్లాసులొచ్చాయి. పావుగంటకే విసుగొచ్చి బిల్లు అడిగాం.

8,000 బాట్లు! నాలుగు బీర్లకు 400, మనిషికి 1,500 చొప్పున షో చార్జీ 6,000, మేం ఆర్డరే చెయ్యని లేడీ డ్రింక్స్‌కు, అంటే ఆ అమ్మాయిలు తాగినవాటికి, 1,600. కింద చూపించిన కార్డు సంగతి ఏంటని అడిగితే మేనేజరమ్మ కౌంటర్ కింద నుంచి ఇంకో కార్డు తీసింది. అదే రంగు, అదే సైజు, అవే అక్షరాలు. అడుగున మాత్రం షో చార్జీ అని ఒక లైను ఎక్కువ. "మీరు సరిగ్గా చదవలేదు" అని మొహం మీదే అంది. మమ్మల్ని తీసుకొచ్చినవాడు ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నువ్వే చెప్పు అని అడిగితే, "మీరెవరో నాకు తెలీదు" అన్నాడండీ! అరగంట క్రితం భుజం మీద చెయ్యేసి మెట్లెక్కించిన మనిషి! డబ్బు పోయినదానికంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చేస్తోంది.

ఈలోపు మెట్ల దగ్గర ఇద్దరు బౌన్సర్లు అడ్డంగా నిలబడ్డారు. క్యాష్ లేదంటే ఏటీఎంకి మనిషిని తోడు పంపిస్తామన్నారు. మాలో చిన్నవాడికి చేతులు వణికాయి, మొదటిసారి దేశం దాటిన పిల్లాడు. వాణ్ని చూసి గొడవ పెంచలేక, బేరమాడి 5,000 కట్టి బయటపడ్డాం. అలాంటి చోట కొట్లాటకు దిగమని నేను ఎవరికీ చెప్పను. ప్రాణం కంటే డబ్బు ఎక్కువ కాదు.

ఇది మా ఒక్కరికే జరిగింది కాదు, పాట్‌పాంగ్ మేడ మీది బార్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న దందా. ఇలాంటి చోటికి వెళ్లామని బయటికి చెప్పుకోవడానికి ఎవరైనా సిగ్గుపడతారని వాళ్లకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఇంత బాహాటంగా చేస్తున్నారు. అందుకే సిగ్గు పక్కనపెట్టి రాస్తున్నాను.

వీధిలో కార్డు చూపించి పిలిచేవాడి వెనక మెట్లెక్కొద్దు, అంతే. కూర్చోవాలనుకుంటే వీధిలోకి తలుపు తెరిచి ఉండే కింది బార్లున్నాయి, అక్కడైనా గ్లాసు గ్లాసుకీ బిల్లు చూసుకోండి. క్రెడిట్ కార్డులు, పాస్‌పోర్టు హోటల్ లాకర్‌లో పెట్టి వెళ్లండి. టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఫోన్‌లో ముందే సేవ్ చేసుకోండి. ఇప్పటికే డబ్బు కట్టి బయటపడ్డవాళ్లు కూడా బార్ బోర్డు ఫోటో, టైము, కట్టిన మొత్తం రాసి పెట్టుకుని ఆ నంబర్‌కే ఫిర్యాదు చెయ్యండి. మేం ఇవాళ సాయంత్రం చేస్తున్నాం.